రఫేల్ ముందు రెక్కల పని ఏమిటి?

ప్రశ్న: రఫేల్‌కు ప్రధాన రెక్కల ముందు రెండు చిన్న రెక్కలు ఉన్నాయి, మన తేజస్‌కు లేవు. వాటివల్ల లిఫ్ట్ (విమానాన్ని పైకి లేపే బలం) నిజంగా పెరుగుతుందా?

జవాబు: పెరుగుతుంది. విమానం ముక్కు బాగా పైకెత్తినప్పుడు ఆ చిన్న రెక్కల నుంచి బయలుదేరే సుడిగాలులు ప్రధాన రెక్క మీదుగా సాగి, అక్కడి గాలి ప్రవాహం ఉపరితలాన్ని విడిచిపోకుండా పట్టి ఉంచుతాయి కనుక స్టాల్ (లిఫ్ట్ ఒక్కసారిగా పడిపోవడం) ఆలస్యమవుతుంది. 1967లో తొలిసారి ఎగిరిన స్వీడన్ యుద్ధవిమానం విగెన్ పొట్టి రన్‌వేలపై దిగగలగడానికి ఈ అమరిక ఎంతో తోడ్పడింది.

మరో జవాబు: స్థిరంగా ఎగిరే సాధారణ విమానం ముక్కెత్తాలంటే తోకను కిందికి నొక్కాలి, అంటే కొంత లిఫ్ట్ కోల్పోవాలి, ముందు రెక్క మాత్రం ముక్కును పైకే నెడుతుంది. నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ఇదే. అయితే రఫేల్‌ను చురుకుదనం కోసం కావాలనే అస్థిరంగా రూపొందించారు కాబట్టి, కంప్యూటర్ అనుక్షణం సరిదిద్దుతూ ఉండాలి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. మన సుఖోయ్-30ఎంకేఐకి ఉన్న ఈ రెక్కలు సుఖోయ్-35ఎస్‌కు ఎందుకు లేవో కూడా తెలుసుకోవాలని ఉంది.