తొడ వెనక పట్టేసింది, సాగదీస్తే పోతుందా?

ప్రశ్న:
మొన్న ఫుట్‌బాల్ ఆడుతూ బంతి కోసం ఒక్కసారిగా పరుగందుకున్నాను, కుడి తొడ వెనక చురుక్కుమని అక్కడికక్కడే ఆగిపోయాను. కుంటుతూ నడుస్తున్నాను. నొప్పి తొడ మధ్యలో ఉంటే ఈ పొద్దున మోకాలి వెనక కమిలి నల్లబడింది, అదే టెన్షన్‌గా ఉంది. బాగా సాగదీసి గట్టిగా మర్దనా చేయమని ఫ్రెండ్స్ అంటున్నారు, చేయొచ్చా? వచ్చే వారం మ్యాచ్ ఉంది.

జవాబు:
ఇప్పుడు మర్దనా అస్సలు వద్దండి. నేను ఫిజియోని. పట్టేయడం వేరు, చిరగడం వేరు. పరుగులో కాలు ముందుకి చాచి నేల మీద మోపబోయే క్షణంలో తొడ వెనక కండరం (హామ్‌స్ట్రింగ్) సాగుతూనే కాలి వేగాన్ని ఆపాలి, పోగులు తెగేది ఎక్కువగా అప్పుడే. నల్లమచ్చకి భయపడకండి, లోపల కారిన రక్తం మెల్లగా కిందకి దిగుతుంది, అంతే. బోర్లా పడుకుని మోకాలు మడుస్తుంటే ఎవరినైనా మడమ పట్టుకుని కాస్త ఎదురు ఒత్తమనండి. తొడలో ఒకేచోట నొప్పి వస్తే చిరుగే అయ్యుండొచ్చు. అలా కాకుండా నొప్పి నడుము నుంచి పాదం దాకా పాకుతూ తిమ్మిరెక్కుతుంటే నరం సంగతి చూడాలి. దెబ్బ తగిలినప్పుడు పిరుదు కింద టప్‌మని శబ్దం వచ్చినా, అక్కడ గుంట తగిలినా, కాలు మోపలేకపోయినా మాత్రం ఇవాళే డాక్టర్‌కి చూపించండి. కండరం ఎముక నుంచి ఊడితే ఆపరేషన్ అవసరం పడొచ్చు, ఆలస్యమయ్యేకొద్దీ అది కష్టమవుతుంది.

జవాబు:
బ్రదర్, మ్యాచ్ సంగతి మర్చిపో. నాకు పదో రోజుకే నడకలో నొప్పి పోయింది, తగ్గిపోయిందనుకుని దిగాను, మొదటి స్ప్రింట్‌కే అదే చోట మళ్ళీ తెగి ఈసారి రెండు నెలలు పట్టింది. నొప్పి లేకుండా నడవగలిగినంత మాత్రాన కండరానికి బలం వచ్చినట్టు కాదు.

ప్రశ్న అడిగినవారు:
చూశానండి, తొడ మధ్యలోనే నొప్పి, తిమ్మిరి లేదు, శబ్దం రాలేదు. మరి మంచం దిగకుండా ఉండాలా?

జవాబు (ఫిజియో):
అక్కర్లేదు, అది ఇంకో తప్పు. మొదటి రెండు మూడు రోజులు గుడ్డలో చుట్టిన ఐస్ 10-15 నిమిషాల చొప్పున పెట్టండి, క్రేప్ బ్యాండేజ్ కట్టండి, వేడి కాపడం వద్దు. ఆ తర్వాత వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, మడమలతో నేలని కొద్దికొద్దిగా నొక్కి పట్టండి. అది సులువయ్యాక నడుము పైకెత్తే బ్రిడ్జ్, ముందు రెండు కాళ్ళతో, తర్వాత ఒక్క కాలితో. సాగదీయడం మెల్లగా, నొప్పి రానంత వరకే. చిన్న చిరుగైతే ఒకటి నుంచి మూడు వారాలు, మీలా కుంటుతూ కమిలితే నాలుగు నుంచి ఎనిమిది వారాలు కూడా పట్టొచ్చు. రెండు కాళ్ళ బలం దాదాపు సమానమై, వేగం రోజురోజుకీ పెంచుతూ పూర్తి స్పీడ్‌లో నొప్పి లేకుండా పరిగెత్తగలిగాకే మ్యాచ్ ఆడండి.