ఇంటికి నిజంగా ఎన్ని డ్రాయింగులు కావాలి? గురువారం ముగ్గు పోస్తున్నాం

గుణుపూర్_కొత్తిల్లు
అందరికీ నమస్కారం. గుణుపూర్‌లో 5 డెసిమల్స్ జాగా, ఘరబారి పట్టా (ఇంటి స్థలం పట్టా) చేతికొచ్చింది. జీ ప్లస్ వన్ (కింద ఒకటి, పైన ఒక అంతస్తు) కడదామని ఇంజినీరుగారికి 22 వేలు ఇచ్చాం. ఆయన ఇచ్చింది మూడు షీట్లు: ప్లాను, ముందువైపు ఎలివేషన్, పిల్లర్ల మార్కింగ్. పునాది స్టీలు, బీములు, స్లాబ్, కరెంటు, ప్లంబింగ్ షీట్లు కావాలంటే ఇంకో 30 వేలట. మా మేస్త్రీ ఏమో "అవన్నీ ఎందుకు బాబూ, ఇరవై ఇళ్ళు కట్టాను, అంతా బుర్రలో ఉంది" అంటున్నాడు. 30 వేలు న్యాయమేనా? ఏవి తప్పనిసరి, ఏవి వదిలేయొచ్చు? ఇంజినీరుగారు పర్లాకిమిడి నుంచి రావాలి, సైట్‌కి ఎన్నిసార్లు రమ్మనాలి? గురువారం ముగ్గు పోస్తున్నాం (పునాది గుర్తులు నేల మీద గీయడం), టెన్షన్‌గా ఉంది.

పర్లాకిమిడి_పాతకాపు
30 వేల సంగతి తర్వాత. బుర్రలో ఉందన్న మేస్త్రీ చేతిలోనే నేనూ మునిగాను. మా బాల్కనీ 4 అడుగులు బయటికి వేలాడుతుంది. గది స్లాబ్‌కి మెయిన్ కడ్డీ కింద ఉండాలి, వేలాడే స్లాబ్‌కి పైన ఉండాలి. బరువుకి అంచు కిందికి వంగితే లాగుడు పైభాగం మీదే కదా పడేది. మావాడు రెండింటికీ ఒకేలా కిందే కట్టేశాడు. సెంట్రింగ్ విప్పిన రోజునే అంచు వేలెడు దిగింది, గోడ పక్కన పైన చీలిక వచ్చింది. మొత్తం కొట్టించి మళ్ళీ పోయించాను. ప్లాను ఎంత సేపు చూసినా కడ్డీ పైనుందో కిందుందో కనబడదు. దానికి సెక్షన్ (నిలువునా కోసి చూపే బొమ్మ) గీసిన స్లాబ్ షీటు ఉండాలి. నా దగ్గర లేదు.

సిరొంచ_అన్న
5 డెసిమల్స్ అంటే ఎంత? మాకు గుంటల్లో చెప్పండన్నా.

బరంపురం_పద్దమ్మ
డెసిమల్ అన్నా సెంటు అన్నా ఒకటే బాబూ. 5 సెంట్లంటే 242 గజాలు. మీ లెక్కలో సరిగ్గా 2 గుంటలు.

కొత్తగా_చేరాను_77
3డి ఎలివేషన్‌కి ఎంత తీసుకుంటున్నారు? ముందు వైపు గ్లాసు పెడదామని.

రిటైర్డ్_జేఈ
ఇక్కడ చాలామందికి అసలు విషయమే తెలియదు కాబట్టి చెబుతున్నాను. 31 ఏళ్ళ సర్వీసు నాది. కల్వర్టులు, స్కూళ్ళు, క్వార్టర్లు ఎన్ని కట్టించానో లెక్కలేదు. గుణుపూర్ బాబూ, మీకు ఇచ్చినవి అనుమతి కోసం వేసే డ్రాయింగులు. వాటితో పర్మిషన్ వస్తుంది, ఇల్లు రాదు. కట్టడానికి కావలసినవి వర్కింగ్ డ్రాయింగులు: సెంటర్ లైన్, పునాది, పిల్లర్ షెడ్యూల్ (ఏ పిల్లర్‌కి ఎంత స్టీలో చెప్పే పట్టిక), ప్లింత్ బీము (గోడల కింద నేల మట్టం దగ్గరి బీము), స్లాబ్, మెట్లు. డ్రాయింగు ఎలా గీయాలన్నదానికి ఐఎస్ 962 అనే భారత ప్రమాణం ఉంది. స్టీలు డీటెయిలింగ్‌కి 1987లో వచ్చిన చేతిపుస్తకం ఎస్‌పీ 34 ఉంది. కాంక్రీటుకి ఐఎస్ 456. కవర్, అంటే కడ్డీ మీద ఉండే కాంక్రీటు మందం, ఎంత అంటే స్లాబ్‌కి 20 మిల్లీమీటర్లు, పిల్లర్‌కి 40, పునాదికి 50. మీ మేస్త్రీని ఈ మూడు అంకెలు అడగండి. చెప్పలేకపోతే బుర్ర సంగతి అక్కడే తేలిపోతుంది.

జైపూర్_సెంట్రింగ్
జేఈ గారూ, షీట్లు ఉంటే సరిపోతుందనుకుంటే పొరపాటు. మా కస్టమర్ ఇంటికి బ్రహ్మాండమైన డ్రాయింగులు, పదకొండు షీట్లు. పిల్లర్లకి జాయింట్ దగ్గర రింగులు (నిలువు కడ్డీల చుట్టూ కట్టేవి) 4 అంగుళాలకి ఒకటి అని ఉంది. మేస్త్రీ దాన్ని తన పుస్తకంలో ఒడియా అంకెల్లో ఎక్కించుకున్నాడు. ఒడియా నాలుగు చూడటానికి అచ్చం మన ఎనిమిదిలా ఉంటుంది. రింగులు కట్టే కుర్రాడు పాతపట్నం నుంచి వచ్చాడు, పుస్తకం చూసి 8కి కట్టేశాడు. పద్నాలుగు పిల్లర్లు! కాంక్రీటు పోసే ముందు రోజు నేను బాక్సులు బిగించడానికి వెళ్ళి చూశాను కాబట్టి సరిపోయింది. మళ్ళీ కట్టడానికి ఒకటిన్నర రోజు, రింగుల ఐరన్ అదనం.

ఒడిశా_తెలుగోడు
అంటే తప్పు ఒడియా అంకెలదా? నేను ఒడియా మీడియంలో చదివాను, మా నాన్నగారూ చదివారు. ఒక్కసారి కూడా నాలుగుని ఎనిమిది అనుకోలేదు. ఇక్కడి గాలి పీల్చి, ఇక్కడి నీళ్ళు తాగి, ఇక్కడి అంకెలు రావని చెప్పుకోవడం గొప్పా?

జైపూర్_సెంట్రింగ్
గొప్ప అని ఎవరన్నారు? జరిగింది చెప్పాను. ఆ కుర్రాడు ఆంధ్రా నుంచి పనికొచ్చాడు, వాడికి ఒడియా ఎక్కడొస్తుంది?

సిరొంచ_అన్న
మా దిక్కు మరాఠీలో ఒకటి తొమ్మిదిలా కనబడుతది. నాలుగు కూడా ఎనిమిదిలాగే. మా కాక ఒక రోజు ఇసుక 1 బ్రాస్ అని రాసి పంపిండు. ట్రాక్టరాయన కరీంనగర్ వైపు మనిషి. "తొమ్మిది బ్రాస్‌లు ఎక్కడ పోయాలె" అని ఫోను చేసిండు. బ్రాస్ అంటే 100 ఘనపుటడుగులు, తొమ్మిది అంటే 900. ఇల్లు మునిగిపోతుండె.

ఒడిశా_తెలుగోడు
నవ్వుకోండి. అది చదివేవాడి తప్పు, లిపిది కాదు.

రిటైర్డ్_జేఈ
ఈ గొడవంతా అంగుళాల వల్ల. డ్రాయింగులో మిల్లీమీటర్లు మాత్రమే ఉండాలి. 100 అని ఉంటే మేస్త్రీ తన లిపిలో ఎలా రాసుకున్నా ఒకటి పక్కన రెండు సున్నాలు. 4, 8 అన్న ప్రశ్నే రాదు.

జైపూర్_సెంట్రింగ్
సార్, మీరు సైట్‌లో టేపు పట్టుకుని ఎన్నాళ్ళయింది? టేపు మీద రెండు వైపులా ఉంటాయి, కుర్రాళ్ళు చూసేది అంగుళాల వైపే. 230 గోడ అని మీరు రాస్తే వాడు "తొమ్మిదంగుళాల గోడ" అని అనువదించుకునే కడతాడు. 115 అంటే నాలుగున్నర. కడ్డీ ఒక్కటే మిల్లీమీటర్లలో అడుగుతాడు, ఎనిమిది, పది, పన్నెండు అని.

రిటైర్డ్_జేఈ
నేను టేపు పట్టుకున్నప్పుడు మీరు పుట్టి ఉండరు. అంగుళాల్లో గీసే ఇంజినీరు ఇంజినీరే కాదు.

జైపూర్_సెంట్రింగ్
నాకు 46 సార్. మీ క్వార్టర్లు ఎంతమందికి కారుతున్నాయో ఇంకో చర్చ పెట్టుకుందామా?

అడ్మిన్
వ్యక్తిగతంగా వద్దు. ఇద్దరికీ చెబుతున్నా.

నాందేడ్_రేగడి
డ్రాయింగులు, అంకెలు అన్నీ బాగానే ఉన్నాయి, కింద నేల ఏంటో ఎవరూ అడగలేదేం? మాది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుదించుకుపోయి బెత్తెడు పగుళ్ళు. ఎర్రమట్టి నేల మీది ఇంటికి గీసిన పునాది షీటు తెచ్చి ఇక్కడ కడితే రెండు ఎండాకాలాల్లో గోడలు చీలుతాయి. మా ఎదురింటాయన అలాగే చేశాడు, వాళ్ళ బావమరిది ఇంటి డ్రాయింగు జిరాక్స్ తీసి. నేను మట్టి పరీక్ష చేయించి, రేగడి దాటి గట్టి నేల దాకా దిగాను. పునాది ఖర్చు నొప్పించింది నిజమే.

పర్లాకిమిడి_పాతకాపు
నాందేడ్ గారూ, మీ పక్కనే కదా కిల్లారి? 1993లో సెప్టెంబర్ 30 తెల్లవారుజామున భూకంపం వచ్చింది. అప్పట్లో కూలిన ఇళ్ళకి డ్రాయింగులే లేవంటారు.

నాందేడ్_రేగడి
అక్కడ చాలా ఇళ్ళు రాయీ మట్టీ కలిపి కట్టిన మందపాటి గోడలు, పైకప్పు మీద మట్టి దిబ్బలా బరువు. తరతరాలుగా అలాగే కట్టుకున్నారు. కానీ దానికీ గుణుపూర్ ఆయన ప్రశ్నకీ సంబంధం లేదు. నేను చెప్పింది నేల గురించి.

పర్లాకిమిడి_పాతకాపు
సంబంధం లేకేం. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో ఎగిరిపోని రేకులు ఎవరివో అడగండి. కొక్కేలు ఎక్కడెక్కడ వేయాలో కాగితం మీద గీయించుకున్న వాళ్ళవే.

కొత్తగా_చేరాను_77
3డి గురించి ఎవరైనా చెప్పండి ప్లీజ్.

సిరొంచ_అన్న
నా బాధ వేరే. ఇంజినీరు వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపిండు. ఊళ్ళో జిరాక్స్ షాపులో ఏ4 మీద తీయించిన. అసలుది ఏ3, స్కేలు 1:100. మేస్త్రీ చిన్న స్కేలు పెట్టి కొలుచుకున్నడు. 3 మీటర్ల గది కాగితం మీద 30 మిల్లీమీటర్లు రావాలె, ఏ4లో 21 వచ్చింది. ఆయన 2 మీటర్ల 10 సెంటీమీటర్ల గదికి ముగ్గు పోసి "స్టోర్ రూమా ఇది" అని నన్నే అడిగిండు! ముగ్గు దశలో తెలిసింది కాబట్టి చీపురుతోనే పోయింది. గుణుపూర్ తమ్మీ, కాగితం మీద స్కేలు పెట్టనియ్యకు. రాసిన అంకె చూసే కొలవమను. అంకె లేకుంటే ఇంజినీరుకి ఫోను చెయ్యి.

జైపూర్_సెంట్రింగ్
ఇంకోటి. ఆ అంకె గోడ బయటి నుంచి బయటికా, మధ్య నుంచి మధ్యకా అని కూడా అడుగు. తొమ్మిదంగుళాల గోడకి అక్కడే ముప్పావు అడుగు తేడా వస్తుంది.

బరంపురం_పద్దమ్మ
మీ అందరిలా నాకు ఐఎస్ నంబర్లు తెలియవు. కానీ మా ఇంట్లో ఇప్పటిదాకా ఒక్క గోడా గుడ్డిగా పగలగొట్టలేదు. కరెంటు షీటు తీసుకున్నాను, స్లాబ్ పోయకముందే. ఫ్యాన్ బాక్సులు, పైపులు స్లాబ్ లోపలే వెళ్ళాలి కదా, తర్వాత గుర్తొస్తే సుత్తి పెట్టాల్సిందే. గ్రైండర్, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ ఎక్కడో నేనే చాక్‌పీసుతో గోడ మీద గీశాను. మా ఆయన నవ్వారు. ప్లాస్టరింగ్‌కి ముందు ప్రతి గోడ దగ్గర టేపు నిలబెట్టి ఫోటోలు తీశాను, పైపు నేల నుంచి ఎన్ని అడుగుల్లో ఉందో కనబడేలా. పోయిన నెల గీజరు మార్చడానికి వచ్చిన అబ్బాయి ఆ ఫోటో చూసి, డ్రిల్లు అరడుగు పక్కకి జరిపాడు. లేకపోతే వేడినీళ్ళ పైపులోకే వెళ్ళేది.

రిటైర్డ్_జేఈ
దాన్నే యాజ్ బిల్ట్ డ్రాయింగ్ అంటారమ్మా.

బరంపురం_పద్దమ్మ
అలాగేనండీ. నా ఫోన్లో దాని పేరు "గోడలు".

ఒడిశా_తెలుగోడు
నా మాటకి ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు. మేస్త్రీ పుస్తకం మేస్త్రీ కోసం. దాన్ని రింగుల కుర్రాడి చేతికి ఎవరిచ్చారు? షీటే కట్టే చోట గోడకి అంటించి ఉంటే పుస్తకంతో పనేంటి?

జైపూర్_సెంట్రింగ్
ఇది మాత్రం ఒప్పుకుంటాను. షీట్లు ఓనరు గారి బీరువాలో ఉన్నాయి. మాసిపోతాయని సైట్‌కి తేలేదు.

రిటైర్డ్_జేఈ
షీటు మీద మార్పు నంబరు కూడా చూసుకోవాలి. మెట్లు మార్చి కొత్త షీటు పంపాక పాతది సైట్‌లోనే ఉంటే దాన్ని చూసే కడతారు. పాతదాని మీద అడ్డంగా గీత కొట్టి ఇంటికి తెచ్చేయండి.

గుణుపూర్_కొత్తిల్లు
అందరికీ ధన్యవాదాలు. ఫీజు గురించి ఎవరూ చెప్పలేదు కానీ నేనే ఇంజినీరుగారితో మాట్లాడాను. పునాది, పిల్లర్లు, బీములు, స్లాబ్, మెట్లు, కరెంటు కలిపి 24 వేలకి ఒప్పుకున్నారు. ప్లంబింగ్ వద్దన్నాను. పునాది కడ్డీలు కట్టాక ఒకసారి, ప్రతి స్లాబ్ ముందు ఒకసారి వస్తారట, ఆటో ఖర్చు మాదే. ముగ్గు మాత్రం వచ్చే సోమవారానికి వాయిదా వేశాం.

బరంపురం_పద్దమ్మ
బాత్రూము స్లాబ్ ఎంత కిందికి దించాలో ప్లంబింగ్ షీటులోనే ఉంటుంది బాబూ. అది వద్దనకు.

గుణుపూర్_కొత్తిల్లు
అయ్యో. మళ్ళీ ఫోను చేస్తాను అత్తయ్యగారూ. జేఈ గారు చెప్పినట్టు మేస్త్రీని కవర్ అడిగాను. స్లాబ్‌ది, పునాదిది కరెక్టుగా చెప్పాడు, పిల్లర్‌ది తడబడ్డాడు. ఆయన పుస్తకం కూడా అడిగి చూశాను. అన్నీ ఒడియాలోనే. మెట్ల ఎత్తు పక్కన ఏడు రాశాడో ఏమో నాకు అర్థం కాలేదు, పొద్దున్నే ఆయన్నే అడుగుతాను.

కొత్తగా_చేరాను_77
సరే, 3డి కోసం వేరే చర్చ పెడతాను.