పాతిక వేల బాస్ గిటారా, ఆగి డెబ్బై వేలదా? ఓరుగల్లు వైపు వాయించేవాళ్లు చెప్పండి

అడుగుతీగ (హన్మకొండ):
అన్నలందరికీ నమస్తే. కాజీపేటలో చర్చి క్వాయర్‌కు బాస్ వాయిస్తాను, పెళ్లిళ్ల సీజన్‌లో ఒక ఆర్కెస్ట్రాతో తిరుగుతాను. ఇప్పటిదాకా ఆర్కెస్ట్రా వాళ్ల గిటారే వాడాను, ఇక సొంతంగా ఒకటి కావాలి. చేతిలో పాతిక వేలు ఉన్నాయి. ఒక సీజన్ ఆగితే డెబ్బై దాకా పోగవుతాయి. కింది రేటులో యమహా టీఆర్‌బీఎక్స్ 174, స్క్వైర్ (ఫెండర్ వాళ్ల చవక బ్రాండ్) సోనిక్, ఐబనెజ్ జియో చూశాను. పై రేటులో స్క్వైర్ క్లాసిక్ వైబ్, సైర్, యమహా బీబీ. ఇంకా పైన అసలు ఫెండర్, అది నా వల్ల కాదు. యూట్యూబ్‌లో చవకదీ ఖరీదైనదీ పక్కపక్కన పెట్టి వాయిస్తుంటే నాకు పెద్ద తేడా తెలియడం లేదు. మరి ఆ మిగతా డబ్బంతా ఎక్కడికి పోతున్నట్టు? ఇంకో డౌట్: నాలుగు తీగలదా, ఐదు తీగలదా?

పాతజాజ్ (కరీంనగర్):
తమ్మీ, ముందు ఏ స్పీకర్‌లో విన్నావో చెప్పు. ఫోన్‌లో అయితే ఆ పోలికను పక్కన పెట్టు. అన్నింటికంటే మందంగా ఉండే ఇ తీగను ఫ్రెట్ (నెక్ మీది అడ్డకడ్డీ) నొక్కకుండా మీటితే వచ్చేది 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు, నీకు వినపడేదంతా దాని పైన పలికే హార్మోనిక్సే. పైగా ఆ వీడియోలు చేసేవాళ్లు రెండింటికీ కొత్త తీగలు వేసి, సెటప్ (నెక్ వంపు, తీగల ఎత్తు, శృతి సర్దడం) చేయించి, నేరుగా కంప్యూటర్‌లోకి రికార్డు చేస్తారు. షాపులో డబ్బా విప్పి ఇచ్చిన గిటార్ అలా ఉండదు.

డబ్బు ఆకారంలోకి మాత్రం పోదు. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బాస్, 1960లో జాజ్ బాస్ తెచ్చాడు. 34 అంగుళాల స్కేలు, అంటే మోగే తీగ పొడవు, ఎక్కువ వాటిలో అప్పుడెంతో ఇప్పుడూ అంతే, ఏ రేటులో కొన్నా సరే. తేడా ఎక్కువగా చేతిపనిలో ఉంటుంది: ఫ్రెట్ల అంచులు నున్నగా రుద్దారా, నట్‌లో (తల దగ్గర తీగలు ఆనే పట్టీలో) గాడులు సరైన లోతుకు కోశారా, ట్యూనింగ్ కీలు బిగువుగా ఉన్నాయా. ఆ తర్వాత పికప్‌లు, అంటే తీగ కదలికను సిగ్నల్‌గా మార్చే అయస్కాంతాల చుట్టలు. స్క్వైర్‌లోనే చూడు, సోనిక్, అఫినిటీలలో సెరామిక్ అయస్కాంతాలు, క్లాసిక్ వైబ్‌లో ఆల్నికో. సెరామిక్ కొంచెం కటువుగా పలుకుతుంది. నా చెవికి ఆల్నికోనే ఇష్టం. కానీ ప్యాడ్, కీబోర్డు, ఇద్దరు సింగర్లు కలిసి మోగుతున్నప్పుడు ఏది ఏదో చెప్పమంటే నేను చెప్పలేను.

గ్రూవ్_గోదావరిఖని:
పాతజాజ్ అన్నా, సౌండ్ ఒక్కటే చూస్తే మీరన్నది నిజమే. కానీ స్టేజీ మీద వాయించేవాడికి సౌండ్ కంటే నమ్మకం ముఖ్యం. ప్రతి రెండు పాటలకూ ట్యూనర్ వైపు చూసుకుంటూ వాయించాలంటే ఎంత టెన్షన్! మా వైపు మే నెలలో 45 డిగ్రీలు మామూలే. గిటార్‌ను ఏసీ హాల్లోంచి తీసి వ్యాన్‌లో వేస్తారు, మళ్లీ ఆరుబయట స్టేజీ ఎక్కిస్తారు. ఒకే చెక్కతో చేసిన నెక్ దానికి తట్టుకోవడం కష్టం. ఐదు పట్టీలు అతికించి చేసిన నెక్ తక్కువ కదులుతుంది. నా ఓటు ఆగి కొనడానికే. చవకది కొన్నవాళ్లు చాలామంది మధ్యలో అమ్మేస్తారు, అమ్మబోతే సగం ధర రాదు.

రెంచి_స్క్రూడ్రైవర్ (వరంగల్):
నా బల్ల మీదికి రెండు రకాలూ వస్తాయి కాబట్టి చెబుతున్నాను. నెక్ ఎంత ఖరీదైనదైనా కదులుతుంది. ఎండాకాలంలో చెక్క ఎండి కుంచించుకుపోతే ఫ్రెట్ల కొసలు పక్కకు పొడుచుకొచ్చి చేతికి గుచ్చుకుంటాయి. వానలు మొదలవగానే చెక్క తేమ పట్టి నెక్ వంపు మారిపోతుంది. కనుక సెటప్ ఏడాదిలో కనీసం ఈ రెండు మలుపుల్లోనైనా చూసుకోవాలి, ఏ గిటార్‌కైనా. నా దగ్గరికి "ఇది పనికిరాదు, అమ్మేస్తా" అంటూ వచ్చిన చవక బాస్‌లలో సగానికి సగం అసలు సెటప్ చూడనివే.

ఇంట్లోనే చూసుకోవడం ఇలా. ఇ తీగను ఒకటో ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీని కలిసే చోట ఇంకో చేత్తో నొక్కి పట్టండి. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య 0.3 మిల్లీమీటర్ల ఖాళీ కనబడాలి, అంటే ఒక విజిటింగ్ కార్డు దూరేంత. ఖాళీ ఎక్కువైతే ట్రస్ రాడ్ (నెక్ లోపలి ఇనుప కడ్డీ) బిగించాలి, అసలు లేకపోతే వదులు చేయాలి. ఒక్కసారికి పావు చుట్టు దాటొద్దు. గట్టిగా ఉంటే బలం పెట్టొద్దు, లోపల విరిగితే నెక్ మార్చడమే.

తర్వాత యాక్షన్, అంటే ఫ్రెట్ మీద తీగ ఎత్తు. 17వ ఫ్రెట్ దగ్గర ఇ తీగ ఎత్తు 2.4, జి తీగ ఎత్తు 2 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటే చాలామందికి హాయిగా ఉంటుంది. గట్టిగా కొట్టే అలవాటుంటే కొంచెం పెంచుకోండి. చివరికి ఇంటోనేషన్, అంటే నెక్ పొడవునా శృతి కుదిరిందా అన్నది: 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (నొక్కకుండా వేలు తాకించి మీటడం) ఒకసారి, అక్కడే నొక్కి ఒకసారి మీటి ట్యూనర్‌లో చూడండి. నొక్కినప్పుడు శృతి ఎక్కువ చూపిస్తే బాడీ మీది బ్రిడ్జ్‌లో ఆ తీగ ఆనే ముక్కను, అంటే శాడిల్‌ను, వెనక్కి జరపాలి, తక్కువైతే ముందుకు. కింది తీగలు కొన్ని క్లిప్ ట్యూనర్లకు సరిగా అందవు, 12వ ఫ్రెట్ హార్మోనిక్‌తో శృతి చేస్తే ముల్లు నిలకడగా ఉంటుంది.

ఇంత చేశాక కూడా ఎక్కడో ఒకచోట తీగ జర్రుమంటే అక్కడ ఫ్రెట్ ఎత్తుగా ఉన్నట్టు. అది రుద్ది సమం చేయాలి. చవక గిటార్లలో ఎక్కువగా తగిలేది ఇదే. ఖరీదైన దానికి మీరు ముందే ఇచ్చే డబ్బులో పెద్ద భాగం ఈ పనికే.

వెనకబెంచీ_క్వాయర్ (కాజీపేట):
చర్చి సంగతి నేను చెబుతా. మన దగ్గర చాలా చోట్ల బాస్‌కు ఆంప్ ఉండదు, వైరు తీసుకెళ్లి మిక్సర్‌లో గుచ్చుతారు. మామూలు పాసివ్ (బ్యాటరీ లేని) గిటార్‌ను అలా నేరుగా పెడితే సౌండ్ చప్పబడిపోతుంది, ఎందుకంటే మిక్సర్ ఇన్‌పుట్ ఆ పికప్‌కు తగినది కాదు. మధ్యలో సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్టు మార్చే డీఐ బాక్స్ ఒకటి పెడితే అదే గిటార్ వేరేగా వినపడుతుంది. పాతిక వేలలోనే గిటార్, డీఐ బాక్స్, మంచి కేబుల్ సర్దుకో తమ్మీ. డెబ్బై వేల గిటార్‌ను చిల్లర కేబుల్‌తో మిక్సర్‌లో గుచ్చి "ఏంది, సౌండే లేదు" అనేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది.

అడుగుతీగ (హన్మకొండ):
డీఐ బాక్స్ సంగతి నిజంగా తెలియదు, థాంక్స్ అన్నా. ఐదు తీగల గురించి ఎందుకు అడిగానంటే, మా ఆర్కెస్ట్రాలో లేడీ సింగర్ పాటల్ని తన శృతికి మార్చుకుంటుంది. డి, సి లలోకి దిగితే కింది స్వరం నాకు అందదు. పై అష్టకంలో వాయిస్తే పల్చగా అయిపోతోంది.

గ్రూవ్_గోదావరిఖని:
అదిగో, అలాంటప్పుడే డబ్బు పెట్టాలి. బి తీగ అంటే 31 హెర్ట్జ్. తీగ మందం (అంగుళంలో వెయ్యో వంతుల్లో) 130 దాకా ఉంటుంది. చవక ఐదు తీగల బాస్‌లలో మిగతా నాలుగూ బాగానే పలుకుతాయి, బి మాత్రం బురదగా, శృతి తేలనట్టుగా మోగుతుంది. గట్టి నెక్, బరువైన బ్రిడ్జ్, సరిగ్గా కోసిన నట్ ఉంటేనే అది తేలుతుంది. కొన్ని కంపెనీలు అందుకే స్కేలును 35 అంగుళాలు చేస్తాయి, తీగ బిగువు పెరుగుతుందని. పాతిక వేలలో ఐదు తీగలది మాత్రం వద్దు. ఈ ఒక్క మాట మీద నేను గట్టిగా ఉంటా.

మంచిర్యాల_మీటు:
దానికి ఐదు తీగలే కొననక్కర్లేదు. డి కోసమైతే ఇ తీగను ఒక స్వరం కిందికి దించు, ఆ పాట అయ్యాక పైకి తెచ్చుకో. సి కూడా తరచుగా కావాలంటే నాలుగు తీగల గిటార్‌కే ఐదు తీగల సెట్‌లోంచి బి, ఇ, ఎ, డి వెయ్యి. నట్ గాడులు కొంచెం వెడల్పు చేయించాలి, సెటప్ మళ్లీ చేయించాలి, అంతే. జి తీగ పోతుంది. పెళ్లి పాటల్లో దాని అవసరం ఎంతో నీకే తెలుసు.

ఇంకోటి, ఫంక్షన్ హాల్లో సబ్ ఊఫర్ లేకపోతే 31 హెర్ట్జ్ ఎవరికీ వినపడదు. ఉన్నా కూడా మన సౌండ్ అన్నలు అందులో ప్యాడ్ కిక్కే నింపుతారు :)

హాస్టల్_బాస్ (హన్మకొండ):
అన్నా, యాక్టివ్ గిటార్ కొంటే ఒక జాగ్రత్త. లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ సర్క్యూట్ ఆన్‌లోనే ఉంటుంది, వాయించకపోయినా సరే. మా కాలేజీ బ్యాండులో రాత్రి ప్రాక్టీసు అయ్యాక కేబుల్ అలాగే వదిలేస్తారు, ప్రోగ్రాం రోజు బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. సైర్ వి7, యమహా బీబీ 734ఏ లాంటి వాటిలో పాసివ్‌కు మార్చే స్విచ్ ఉంది కాబట్టి బండి నడుస్తుంది. ఆ స్విచ్ లేనివాటిలో బ్యాటరీ పోతే సౌండ్ కూడా పోయినట్టే.

పాతజాజ్ (కరీంనగర్):
హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే గుంయ్ చప్పుడు, దాని గురించి ఎవరూ అనలేదు. జాజ్ రకంలో రెండు సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట ఉన్న) పికప్‌లు ఉంటాయి. రెండు వాల్యూములూ పూర్తిగా తెరిస్తే హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, ఒకటి తగ్గించగానే గుంయ్ మంటుంది. ప్రెసిషన్‌కు 1957 నుంచి వస్తున్న రెండు ముక్కల పికప్‌లో ఆ గోల తక్కువ. టీఆర్‌బీఎక్స్ 174లో ముందు ప్రెసిషన్ రకం, బ్రిడ్జ్ వైపు జాజ్ రకం ఉంటాయి. లైటింగ్ డిమ్మర్లు, జనరేటరు ఉన్న హాల్లో ముందు పికప్ మీదే వాయించు. గిటార్ లోపల పికప్‌లు కూర్చునే గుంతకు రాగి రేకు టేపు అతికించుకుంటే ఇంకా తగ్గుతుంది, ఖర్చు పెద్దగా ఉండదు.

తీగలు ముట్టుకుంటే హమ్ తగ్గితే మామూలే. మైకుకు పెదవి తగిలి షాక్ కొడితే మాత్రం అది గిటార్ తప్పు కాదు, హాల్లో ఎర్తింగ్ లేదు. వెంటనే ఆపించు. హమ్ పోతుందని ప్లగ్ లావు పిన్ను పీకేసేవాళ్లున్నారు, వాళ్ల దగ్గర వాయించకు.

రెంచి_స్క్రూడ్రైవర్ (వరంగల్):
ఒక మధ్యదారి ఉంది, సెకండ్ హ్యాండ్. హైదరాబాద్ బ్యాండ్లవాళ్లు మంచి రకాలు అమ్ముతుంటారు, కొత్త చవక గిటార్ ధరకు కొంచెం పైన దొరకవచ్చు. కానీ చేతిలోకి తీసుకోకుండా డబ్బు పంపొద్దు. నెక్‌ను తల వైపు నుంచి బ్రిడ్జ్ వైపు ఒక కంటితో చూడండి. వంపు ఉంటే సర్దవచ్చు, మెలి తిరిగి ఉంటే వదిలేయండి. ట్రస్ రాడ్ తిరుగుతోందో లేదో అమ్మేవాళ్ల ముందే చూడండి. ప్రతి తీగ మీద ప్రతి ఫ్రెట్ నొక్కి మీటండి, వాల్యూం నాబ్ తిప్పితే గరగర వస్తోందా వినండి. గరగర చిన్న పనే, దాన్ని చూపించి బేరమాడొచ్చు.

అడుగుతీగ (హన్మకొండ):
సరే, నాలుగు తీగల పాసివ్‌దే తీసుకుంటా, పాతిక వేలలోనే. డీఐ బాక్స్, కేబుల్, సెటప్ కలిపి అందులోనే. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సికింద్రాబాద్ రైలెక్కుతా. ఒకే మోడల్‌వి రెండు మూడు తీయించి వాయించి చూడనిస్తారా? సీజన్ డబ్బులు వచ్చాక ఐదు తీగల సంగతి చూస్తా. గ్రూవ్ అన్నా, కోపం వద్దు.

గ్రూవ్_గోదావరిఖని:
కోపమెందుకు తమ్మీ, సీజన్ అయ్యాక మళ్లీ ఇక్కడికే వస్తావు. రెండు మూడు తీయించమని మొహమాటం లేకుండా అడుగు, ఒకే మోడల్‌లో కూడా ఒకదానికొకటి తేడా ఉంటుంది. బరువు కూడా చూసుకో. నాలుగున్నర కేజీలది మెడకు తగిలించుకుని రిసెప్షన్ అంతా నిలబడాలి. వెడల్పు స్ట్రాప్ కొను.

అడుగుతీగ (హన్మకొండ):
చివరి డౌట్: తీగలు ఎప్పుడెప్పుడు మార్చాలి?

పాతజాజ్ (కరీంనగర్):
మోటౌన్ పాటలకు బాస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్ మీద ఫ్లాట్‌వౌండ్ (పైన చదునైన తీగ చుట్టిన) తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. నువ్వు కొనేదాని మీద వచ్చేవి రౌండ్‌వౌండ్ (గుండ్రటి తీగ చుట్టినవి), చెమటకు త్వరగా మూగబోతాయి. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడువు. 12వ ఫ్రెట్ దగ్గర ఇంటోనేషన్ ఎంత సర్దినా కుదరకపోతే అప్పుడు మార్చు. 45 నుంచి 105 సెట్ అడుగు, ఒకటి ఎక్కువే తెచ్చుకో. మన వైపు షాపుల్లో మామూలు గిటార్ తీగలు దొరికినంత తేలిగ్గా బాస్ తీగలు దొరకవు.