తెలుగు పాటలను ఫైళ్లుగా కొనుక్కునే దారి ఉందా?

నమస్కారం అండీ. మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. నెలనెలా చందా కట్టి పాటలు వినడం నాకు నచ్చట్లేదు. కట్టడం ఆపితే డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు కూడా మూగబోతాయి. డబ్బు ఇవ్వడానికి అభ్యంతరం లేదు, కానీ ఇచ్చాక ఆ ఫైలు నా దగ్గరే ఉండాలి. 2003లో యాపిల్ ఐట్యూన్స్ స్టోర్ అమెరికాలో పాటను 99 సెంట్లకు అమ్మింది. 2009లో ఆ పాటలను కాపీ చేయకుండా అడ్డుకునే తాళాలు కూడా తీసేసింది. నా దృష్టిలో అదే న్యాయమైన బేరం.

నా ల్యాప్‌టాప్ పాతది, 4 జీబీ ర్యామ్, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. బ్రౌజర్‌లో పాట పెడితే మిగతా పనులన్నీ నెమ్మదిస్తాయి. హార్డ్‌డిస్క్‌లోని ఫైలైతే వీఎల్‌సీ ప్లేయర్‌లో హాయిగా నడుస్తుంది, నెట్ లేకపోయినా సరే.

పాత తెలుగు సినిమా పాటలు, అన్నమయ్య కీర్తనలు ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా దాచే ఆడియో) ఫైళ్లుగా చట్టబద్ధంగా ఎక్కడ కొనొచ్చు? 320 కేబీపీఎస్ ఎంపీ3 అయినా పర్వాలేదు. జగదాంబ, ద్వారకానగర్ వైపు ఒరిజినల్ ఆడియో సీడీలు ఇంకా అమ్మే షాపు తెలిస్తే చెప్పండి, నేనే రిప్ చేసుకుంటాను, అంటే సీడీలోని పాటలను ఫైళ్లుగా మార్చుకుంటాను.

ఇంకొకటి. ఇక్కడి ఉప్పుగాలికి వస్తువులు తొందరగా తుప్పు పడతాయి కదా, బ్యాకప్ హార్డ్‌డిస్క్‌ను మీరెలా దాస్తున్నారు? గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్లు వేస్తే సరిపోతుందా?