అకౌంట్స్ నుంచి హాసప్ టీమ్‌లోకి: పేరు ఇవ్వమంటారా?

ప్రశ్న (భీమవరం):
రొయ్యల ఎగుమతి ప్లాంటులో అకౌంట్స్ చూస్తాను. బీకాం. రైతుల పేమెంట్లు, ఐసు బిల్లులు, లారీ కిరాయిలు, ఇదే నా పని. హాసప్ (HACCP, ఆహారంలో ప్రమాదాలు ముందే గుర్తించి ఆపే పద్ధతి) టీమ్‌లో ట్రేసబిలిటీ రికార్డులు (సరుకు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి వెళ్లిందో చూపేవి), ఇంటర్నల్ ఆడిట్ చూడటానికి వేరే సెక్షన్ వాళ్లు ఎవరైనా వస్తారా అని మా క్వాలిటీ మేనేజర్ గారు అడిగారు. ఎవరూ చెయ్యెత్తలేదు. నాకు వెళ్లాలనే ఉంది. కానీ మైక్రోబయాలజీ చదివినవాళ్ల మధ్య నేనేం మాట్లాడగలనని టెన్షన్. జీతం పెరగదని ముందే చెప్పేశారు. ఇలా వెళ్లినవాళ్లు ఉన్నారాండీ?

జవాబు (అమలాపురం):
ఇచ్చేయండి. నేను టైమ్ ఆఫీసులో హాజరు రాసుకుంటూ ఈ పనిలోకి వచ్చినదాన్ని. ఇప్పుడు మా ప్లాంటులో ట్రేసబిలిటీ నేనే చూస్తున్నాను.

ఇందులో సగం మీ టేబుల్ మీదే ఉందండీ. ఆడిట్‌లో మాక్ రీకాల్ అని, సరుకు వెనక్కి రప్పించాల్సి వస్తే ఎలా అని ఉత్తుత్తి పరీక్ష పెడతారు. కోల్డ్ స్టోరేజీలోంచి ఒక కార్టన్ తీస్తారు. దాని కోడ్ పట్టుకుని అది ఏ రోజు ప్యాకైంది, ఏ చెరువు సరుకు, అదే లాటులో (ఒకే నంబరు ఇచ్చి కలిపి ఉంచిన సరుకులో) మిగతా కార్టన్లు ఏ కంటైనర్‌లో వెళ్లాయో గంటల్లో చెప్పాలి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి నిషేధించిన మందుల జాడ దొరికిందని సరుకు ఆపితే మొదట అడిగేది ఇదే. ఆ వెతుకులాట చివరికి రైతు బిల్లు దగ్గరకే వస్తుంది.

తికమకంతా కౌంట్ దగ్గరే. మీ బిల్లులో 40 కౌంట్ అంటే తలతో సహా కిలోకి 40 రొయ్యలు. కార్టన్ మీద 26/30 అంటే తల తీశాక పౌండుకి (దాదాపు 454 గ్రాములకి) 26 నుంచి 30. తలతో దాదాపు మూడో వంతు బరువు పోతుంది. ఈ లెక్క అలవాటైతే, లాటులో దిగిన సరుకుకి రావాల్సిన దానికన్నా ప్యాకింగ్ ఎక్కువ చూపిస్తే ఇంకో చెరువు సరుకు కలిసి ఉండొచ్చని మీకే ముందు అనుమానం వస్తుంది. నాకు ఈ పని మీద ఇష్టం కుదిరింది అక్కడే.

హాల్లో గ్రేడింగ్ టేబుల్ దగ్గర ఆడవాళ్లని అడగండి. లాటు మారినప్పుడు టేబుల్ నిజంగా కడిగారో లేదో రిజిస్టర్ కన్నా వాళ్లకే బాగా తెలుసు. థర్మామీటర్ చూడటానికి కూడా పెద్ద చదువు అక్కర్లేదు. నలగ్గొట్టిన ఐసులో నీళ్లు కలిపి ముంచితే 0 డిగ్రీలు చూపాలి. చార్టులో కోల్డ్ స్టోరేజీ మైనస్ 18 డిగ్రీలు అని రాసే ముందు అది చేయించండి.

జవాబు (కాకినాడ):
నేనూ వెళ్లమనే అంటాను. కానీ నెలాఖరు క్లోజింగ్ అలాగే ఉంచి ఇది పైన వేస్తే రెండూ చెడతాయి. వారంలో ఏ పూట దీనికో మెయిల్‌లో రాయించుకోండి. శిక్షణ సర్టిఫికెట్ మీ పేరు మీద ఇప్పించమనండి, రేపు ఇంకో ప్లాంటులో జీతం మాట్లాడుకోవడానికి పనికొస్తుంది. ఇంకోటి, రైతు బిల్లులు రాసేది మీరే కాబట్టి వాటి ఆడిట్ మీరు చేయకూడదు. ఆ ముక్క వేరేవాళ్లకి ఇమ్మనండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ థాంక్సండీ. మెయిల్ సంగతి మాట్లాడుకుని పేరు ఇస్తాను. ఒకే లారీలో రెండు చెరువుల సరుకు వస్తే లాటు ఒకటా, రెండా?

అమలాపురం:
మా దగ్గర రెండేనండీ. టబ్బులకి చెరువు వారీగా ట్యాగ్ ఉండాలి. ట్యాగ్ లేని టబ్బుని పక్కన పెట్టి, ఏజెంట్‌కి అక్కడికక్కడే ఫోన్ చేస్తాం.