సెనేటర్ బేకర్ మరణానికి జనరల్ స్టోన్‌ను శిక్షించడం సబబేనా? తెలిసినవారు చెప్పగలరు

అమెరికా అంతర్యుద్ధ చరిత్రను లోతుగా చదివినవారి సహాయం కోరుతున్నాను. లండన్‌లో పుట్టి, ఇల్లినాయ్‌లో న్యాయవాదిగా పేరు తెచ్చుకుని, లింకన్‌కు ఆప్తమిత్రుడై (లింకన్ తన రెండో కుమారుడికి ఈయన పేరే పెట్టారు), మెక్సికో యుద్ధంలో పోరాడి, 1860లో ఓరెగాన్ నుంచి సెనేట్‌కు ఎన్నికైన ఎడ్వర్డ్ బేకర్, ఆ పదవిలో ఉండగానే ఉత్తరాది (యూనియన్) సైన్యంలో కర్నల్‌గా పోరాడుతూ, 1861 అక్టోబర్ 21న వర్జీనియాలో పోటోమాక్ నది ఒడ్డునున్న బాల్స్ బ్లఫ్ వద్ద యుద్ధభూమిలో మరణించారు.

ఆ రోజు నది దాటాలా, అప్పటికే దాటినవారిని వెనక్కి రప్పించాలా అనే నిర్ణయాన్ని పైఅధికారి జనరల్ చార్లెస్ స్టోన్ బేకర్‌కే వదిలేశారు. పోటోమాక్ నదిలో చాలినన్ని పడవలు లేకపోయినా బేకర్ సైన్యాన్ని నిటారైన గట్టు మీదికి ఎక్కించారు. ఓడి వెనుదిరిగినప్పుడు ఎంతోమంది సైనికులు నీటిలో మునిగిపోయారు. అయినా నింద స్టోన్ మీదే పడింది. 1862 ఫిబ్రవరిలో ఆయనను అరెస్టు చేసి, ఏ అభియోగమూ మోపకుండానే ఆరు నెలలకు పైగా నిర్బంధించారు. అమరుడైన తోటి సభ్యుణ్ణి తప్పుపట్టడానికి కాంగ్రెస్‌కు మనసు రాలేదని నా అనుమానం.

అంతటి నిర్ణయాధికారాన్ని కిందిస్థాయి కర్నల్‌కు అప్పగించడం నాటి సైనిక సంప్రదాయంలో మామూలేనా? కాంగ్రెస్ విచారణ సంఘం ముందు సాక్షులిచ్చిన వాంగ్మూలాల్లో పడవల విషయమై ఏముందో చదివినవారెవరైనా దయచేసి వివరించగలరు.