డిప్రెషన్‌కి టీఎంఎస్: స్కాన్ తీసి చోటు వెతికే పద్ధతి కోసం ఆగాలా?

మాధవి: మా అక్కకి రెండు రకాల మందులు వాడినా డిప్రెషన్ తగ్గలేదు. డాక్టర్ టీఎంఎస్ చేయించమన్నారు. తల మీద కాయిల్ పెట్టి అయస్కాంత పల్స్‌లు ఇస్తారట. ఈమధ్య ఒక్కొక్కరి మెదడుని ఎంఆర్‌ఐలో చూసి, కాయిల్ ఎక్కడ పెట్టాలో తేల్చే పద్ధతి వచ్చిందని విన్నాను. అది మా దగ్గర ఇంకా లేదు. దాని కోసం ఆగమంటారా?

కిరణ్: ఆగడమే మంచిది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ల సెయింట్ అనే పద్ధతి ఇలాంటిదే. అందులో రోజుకి 10 విడతల చొప్పున 5 రోజుల్లో చికిత్స అయిపోతుంది. 29 మంది మీద చేసిన ట్రయల్‌లో, అసలు చికిత్స అందినవాళ్లలో దాదాపు 79 శాతం మందికి నాలుగు వారాల్లోపే లక్షణాలు పోయాయి. ఉత్తుత్తి చికిత్స ఇచ్చినవాళ్లలో అది 13 శాతమే. 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి కూడా వచ్చింది. అందరి మెదడూ ఒకేలా ఉండదు కదా, అందరికీ ఒకే చోట పెడితే ఎలా?

సుధ: కిరణ్ గారూ, ఆ ఫలితం గొప్పదే. కానీ అది స్కాన్ వల్లే వచ్చిందని ఎలా చెప్తాం? అక్కడ చోటుతో పాటు డోసూ పెరిగింది, వేగమూ పెరిగింది. పైగా పోల్చింది ఉత్తుత్తి చికిత్సతోనే, మామూలు టీఎంఎస్‌తో కాదు. ఆ రెండో పోలిక బ్రిటన్‌లో బ్రైట్‌మైండ్ ట్రయల్‌లో జరిగింది, 255 మందితో. మెదడు భాగాల మధ్య సంబంధాలు చూసి చోటు ఎంచినవాళ్లూ, మిగతావాళ్లూ ఇంచుమించు ఒకేలా మెరుగుపడ్డారు. 2024లో ఫలితాలు వచ్చాయి.

కిరణ్: అందులో రెండో గుంపుకీ ఎంఆర్‌ఐ చూసే కాయిల్ పెట్టారు సుధ గారూ. అసలు స్కానే లేని టీఎంఎస్‌తో పోల్చలేదు. రోజుకి 10 విడతలూ ఇవ్వలేదు.

సుధ: నిజమే, ఒప్పుకుంటాను. అందుకే స్కాన్ వృథా అనడం లేదు. ఇంకా తేలని లాభం కోసం, ఇప్పుడు అందుతున్న చికిత్సని వాయిదా వేయొద్దంటున్నాను. మామూలు టీఎంఎస్‌కి ఎఫ్‌డీఏ 2008లోనే అనుమతి ఇచ్చింది. తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్న మనిషికి ఒక్కో నెలా ఎంత బరువో ఇంట్లోవాళ్లకి తెలుసు. ఆత్మహత్య ఆలోచనలు ఉంటే అసలు ఆగే ప్రశ్నే లేదు, వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.

మాధవి: అక్కకి టెన్షన్ కూడా ఎక్కువే. దానికీ పనిచేస్తుందా?

సుధ: డిప్రెషన్‌తో పాటు ఉండే ఆందోళన చాలామందిలో తగ్గుతుంది. ఆందోళన ఒక్కటే ఉంటే మాత్రం ఆధారాలు అంత గట్టిగా లేవు. అక్కకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినా, తలలో లోహపు క్లిప్ గానీ చెవిలో ఇంప్లాంట్ గానీ ఉన్నా మొదలుపెట్టక ముందే డాక్టర్‌కి చెప్పండి మాధవి గారూ.